రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లూ డిఫెన్సివ్ లైన్‌కే పెట్టేయాలా? కౌబాయ్స్ ఫ్యాన్స్ చెప్పండి

పటమట కౌబాయ్ (విజయవాడ):

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ NFLలో మన డాలస్ కౌబాయ్స్ 2025 సీజన్ అయిపోయి పది రోజులే అయింది కానీ నా బుర్ర అప్పుడే ఏప్రిల్‌లో జరిగే డ్రాఫ్ట్‌లోకి వెళ్లిపోయింది, అదే, టీమ్‌లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునేది, ఒక్కో వంతు ఒక పిక్. 7 గెలుపులు, 9 ఓటములు, 1 టై. అఫెన్స్‌కి (బంతితో ముందుకెళ్లే వైపు) ఏ లోటూ లేదు, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డాక్ బాగా ఆడాడు, బంతి అందుకునే రిసీవర్లు ల్యాంబ్, పికెన్స్ ఇద్దరూ ఉన్నారు, మనం దెబ్బతిన్నదంతా అవతలి వాళ్లని ఆపలేకే. మ్యాచ్‌కి సగటున 30 పాయింట్లు ఇచ్చాం, లీగ్ మొత్తంలో అంతకంటే ఎక్కువ ఇచ్చిన టీమ్ లేదు.

దసరా రోజుల్లో ప్యాకర్స్ మ్యాచ్ గుర్తుందా, మనకి సోమవారం పొద్దున్నే 5:50కి. ఇంట్లో వాళ్లంతా అమ్మవారి దర్శనానికి కొండకి బయల్దేరుతుంటే నేను మధ్యాహ్నం వెళ్తానని చెప్పి టీవీ ముందు కూర్చున్నా. 40-40. మైకా పార్సన్స్ ప్యాకర్స్ జెర్సీ వేసుకుని మన స్టేడియంలో, ఓవర్‌టైమ్‌లో మన డాక్‌ని సాక్ చేస్తుంటే (బంతి విసరకముందే పడేస్తుంటే) కడుపులో దేవేసినట్టయింది. నాలుగేళ్లు మనవాడు. 2021లో 12వ నంబర్ పిక్‌తో మనమే తెచ్చుకున్నాం.

ఇప్పుడు లెక్క చూడండి. పార్సన్స్‌ని ఇచ్చినందుకు ప్యాకర్స్ నుంచి 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, వాటితో పాటు కెన్నీ క్లార్క్ వచ్చారు. నవంబర్‌లో జెట్స్ నుంచి క్వినెన్ విలియమ్స్‌ని తెచ్చుకోవడానికి 2026 రెండో రౌండ్ పిక్, 2027లో ఒక ఫస్ట్ రౌండ్ పిక్, పైగా మేజీ స్మిత్‌ని కూడా ఇచ్చేశాం. పికెన్స్ కోసం 2026 మూడో రౌండ్ పిక్ అంతకుముందే స్టీలర్స్‌కి పోయింది. అంటే ఏప్రిల్ 23న పిట్స్‌బర్గ్‌లో డ్రాఫ్ట్ మొదలయ్యేసరికి మన చేతిలో 12, 20 ఉంటాయి, ఆ తర్వాత మళ్లీ మన వంతు వచ్చేది నాలుగో రౌండ్‌లోనే.

నా ఉద్దేశం ఏంటంటే రెండూ డిఫెన్సివ్ లైన్‌కే, అంటే డిఫెన్స్ ముందు వరసకే పెట్టేయాలి. ఇలా చేయడం మనకి కొత్త కూడా కాదు. 2005లో పార్సెల్స్ కోచ్‌గా ఉన్నప్పుడు మనకి 11, 20 ఉన్నాయి, 11తో డిమార్కస్ వేర్, 20తో మార్కస్ స్పియర్స్, ఇద్దరూ ముందు వరసలో ఆడేవాళ్లే. వేర్ మనకి 117 సాక్స్ చేసి ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఈసారి 12, 20. నంబర్లు కూడా దాదాపు అవే వచ్చాయి!

మా అన్నయ్య డాలస్‌లోనే ఉంటాడు, వాడేమో వెనక నుండి రిసీవర్లని కాసే కార్నర్‌బ్యాక్ కావాలి అంటాడు, భోగి రోజు వీడియో కాల్‌లో గంటసేపు దీని మీదే వాదించుకున్నాం. మీరేమంటారు? రెండూ లైన్‌కేనా, ఒకటే చాలా? ఇద్దర్నీ తీసుకుంటే అంచుల్లోంచి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకెళ్లే ఎడ్జ్ రషర్లనే తీసుకోవాలా, లోపల మళ్లీ ఇంకొకడు కావాలా?

యార్డు మనిషి (గుంటూరు):

తమ్ముడూ, 2005 సంగతి మంచి మాట గుర్తుచేశావు, కానీ సగమే చెప్పావు. ఆ ఏడాది మన వాళ్లు ఆ ఇద్దరితో ఆగలేదు. నాలుగో రౌండ్‌లో 132వ పిక్‌తో క్రిస్ క్యాంటీని, ఏడో రౌండ్‌లో 224వ పిక్‌తో జే రాట్లిఫ్‌ని తెచ్చారు. ఇద్దరూ లైన్‌వాళ్లే. స్పియర్స్ 20వ పిక్, గట్టిగా నిలబడి ఆడాడు, కాదనను, కానీ నాలుగు సార్లు ప్రో బౌల్‌కి (లీగ్‌లో మేటి ఆటగాళ్లకి దక్కే ఎంపిక) వెళ్లింది మాత్రం 224లో వచ్చిన రాట్లిఫ్. ఆ డ్రాఫ్ట్ బలం రెండు పెద్ద పిక్‌లు లైన్‌కి పెట్టడంలో లేదు, ఒకే ఏడాది లైన్ కోసం నలుగురిని తేవడంలో ఉంది.

ఈగిల్స్‌ని చూడు. మనకి శత్రువులే, అయినా నేర్చుకోవాల్సింది వాళ్ల దగ్గరే. 2025 ఫిబ్రవరిలో చీఫ్స్‌ని 40-22తో కొట్టిన సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్) వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని ఆరు సార్లు పడేశారు, ఒక్కసారి కూడా బ్లిట్జ్ (వెనకవాళ్లని కూడా మీదకి తోలడం) పంపలేదు, ముందు నిలబడే నలుగురితోనే పని కానిచ్చారు. మిగతా ఏడుగురూ వెనక కవరేజ్‌లో ఉంటే మహోమ్స్ అంతటివాడికి కూడా బంతి ఎవరికి వేయాలో దిక్కు తోచలేదు. ఆ రోజు జోష్ స్వెట్ రెండున్నర సాక్స్, మిల్టన్ విలియమ్స్ రెండు. స్వెట్ 2018లో నాలుగో రౌండ్, 130వ పిక్. విలియమ్స్ 2021లో మూడో రౌండ్, 73వ పిక్. జేలెన్ కార్టర్, జోర్డన్ డేవిస్, నోలన్ స్మిత్ లాంటి ఫస్ట్ రౌండ్ వాళ్లు ఉండబట్టే వీళ్లకి దారి దొరికింది, అది నిజమే. కానీ రాజులు ఇద్దరుంటే సరిపోదు, సైన్యం కావాలి. 2010లో గ్రాహమ్, 2012లో ఫ్లెచర్ కాక్స్, 2018లో స్వెట్, 2021లో విలియమ్స్, 2022లో డేవిస్, 2023లో కార్టర్, స్మిత్, ఏడో రౌండ్‌లో ఓజోమో, 2024లో జేలిక్స్ హంట్. ఒకడు ముసలివాడు అయ్యేలోపే ఇంకొకడు తయారవుతున్నాడు. సూపర్ బౌల్ అయిన నెలకే స్వెట్ కార్డినల్స్‌కి, విలియమ్స్ పేట్రియట్స్‌కి వెళ్లిపోతే వాళ్లు కంగారు పడలేదు.

అందుకే నా లెక్క ఇది. 12తో మంచి ఎడ్జ్ రషర్‌ని తీసుకో, అందులో రెండో మాట లేదు. 20ని మాత్రం కిందకి దిగి అమ్ముకోవాలి, అంటే దాన్ని ఇచ్చి కిందున్న పిక్, దాంతో పాటు ఇంకో పిక్ తీసుకోవాలి. పిక్‌లకి పాయింట్లు కట్టే చార్ట్ పుట్టిందే మన డాలస్‌లో, జిమ్మీ జాన్సన్ రోజుల్లో. దాని ప్రకారం 20వ పిక్ విలువ 850. 28వది 660, 80వది 190. కలిపితే సరిగ్గా 850. ఎనిమిది మెట్లు దిగితే పోయిన మూడో రౌండ్ పిక్ తిరిగి చేతికొస్తుంది. ఇప్పుడు టీమ్‌లు కొత్త చార్ట్‌లు కూడా వాడుతున్నాయి కాబట్టి అచ్చంగా ఇదే బేరం కుదురుతుందని కాదు, సుమారుగా ఇలా ఉంటుందని. రెండు, మూడు రౌండ్లు జరిగే రెండో రోజంతా చేతులు కట్టుకు కూర్చోవడం కంటే ఇదే మేలు, స్వెట్‌లూ విలియమ్స్‌లూ దొరికేది ఆ రోజూ, ఆ మర్నాడే.

ఇంకో మాట. ఫిబ్రవరి చివర్లో ఇండియానాపోలిస్‌లో కంబైన్ (డ్రాఫ్ట్‌కి వచ్చే కుర్రాళ్లకి పెట్టే పరీక్షలు) జరుగుతుంది, 40 గజాల పరుగు టైమింగ్‌లు చూసి అందరూ ఊగిపోతారు. మా యార్డులో కొత్త మిర్చి ఇప్పుడిప్పుడే దిగుతోంది. టిక్కీ (మిర్చి బస్తా) పైన కనపడే ఎర్రటి కాయ చూసి ధర చెప్పేవాడు ఏడాది తిరక్కుండా దుకాణం కట్టేస్తాడు. మధ్యలోంచి చెయ్యి పెట్టి మచ్చు తీసి, తేమ ఎంతుంది, తాలు ఎంతుంది చూశాకే ధర పలకాలి. జోర్డన్ డేవిస్ 341 పౌండ్ల మనిషి, అంటే మన లెక్కలో 155 కిలోలు, 40 గజాలు 4.78 సెకన్లలో పరిగెత్తాడు, అది చూడముచ్చటే. కానీ ఈగిల్స్ అతన్ని పైకి ఎక్కి మరీ తీసుకున్నది కాలేజీ రోజుల్లో జార్జియాకి ఆడుతూ అతను నడిమధ్య నిలబడి అవతలి పరుగుని ఆపిన తీరు చూసి అని నా నమ్మకం. మ్యాచ్ టేపే మచ్చు.

కబడ్డీ మాస్టారు (తెనాలి):

ఇద్దరూ బాగా రాశారండీ. నేను పాతికేళ్లుగా పిల్లలకి కబడ్డీ నేర్పిస్తున్నాను, ఈ అమెరికా ఫుట్‌బాల్ మా అల్లుడి పుణ్యమా అని నాలుగేళ్ల నుంచి చూస్తున్నా. నాకు తెలిసిన ఆట వైపు నుంచి ఒక మాట చెప్తాను.

కబడ్డీలో రైడర్ కాలు మూలన నిలబడే కార్నర్ పట్టుకుంటాడు. పట్టు ఎంత గట్టిదైనా పక్కనుండే కవర్ వెంటనే వచ్చి మీద పడకపోతే రైడర్ లాక్కుని మిడ్‌లైన్ ముట్టేస్తాడు. చూసేవాళ్లు కార్నర్ వదిలేశాడంటారు. తప్పు కార్నర్‌ది కాదు, కవర్ అరక్షణం ఆలస్యమయ్యాడు. ఇక్కడా అదే. అంచు నుంచి ఎడ్జ్ రషర్ ఎంత వేగంగా తిరిగొచ్చినా, లోపలి ఇద్దరూ అవతలి గార్డుల్ని (క్వార్టర్‌బ్యాక్ ముందు కాపలా ఉండే మధ్యవాళ్లు) వెనక్కి నెట్టకపోతే క్వార్టర్‌బ్యాక్ ఒక్క అడుగు ముందుకేసి హాయిగా బంతి వేస్తాడు. అంచువాడు వెనక నుంచి గాలిని పట్టుకుంటాడు. లోపలివాళ్లు నెట్టి అంచువాళ్లు రాకపోతే పక్కకి పరిగెత్తుతాడు. నలుగురూ ఒక చైన్ లాగా కదలాలి.

మన సీజన్‌లోనే చూడండి. అక్టోబర్‌లో క్యారొలినాలో రికో డౌడెల్, నిన్నమొన్నటి దాకా మన జెర్సీ వేసుకున్నవాడు, మన మధ్యలోంచి 183 గజాలు పరిగెత్తాడు. అప్పుడు లోపల బలం లేదు. నవంబర్‌లో క్వినెన్ విలియమ్స్ వచ్చాడు, రైడర్స్, ఈగిల్స్, చీఫ్స్, వరసగా మూడు గెలిచాం. ఈగిల్స్ మీదైతే 0-21 నుంచి లేచి 24-21. అందరం సంబరపడ్డాం. తర్వాత డెట్రాయిట్ వెళ్తే 44 పాయింట్లు, వైకింగ్స్ 34, ఛార్జర్స్ 34. ఎందుకంటారు? లోపల తలుపు వేశాం, పక్క కిటికీలు తెరిచే ఉన్నాయి. కాబట్టి తమ్ముడు అడిగినదానికి నా జవాబు, ఈసారి అంచువాడే కావాలి, లోపలివాడు కాదు.

అయితే అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది. మన డిఫెన్స్‌ని నడిపించే కోచ్ ఎబర్‌ఫ్లూస్‌ని సీజన్ అవగానే తీసేశారు. కొత్త డిఫెన్సివ్ కోఆర్డినేటర్ ఎవరొస్తారో, ఏం ఆడిస్తారో తెలియకుండా కుర్రాణ్ణి ఎంచుకోకూడదు. మేజీ స్మిత్ సంగతే తీసుకోండి, 2023లో 26వ పిక్. మొదటి ఏడాది డ్యాన్ క్విన్, రెండో ఏడాది జిమ్మర్, మూడో ఏడాది ఎబర్‌ఫ్లూస్. ఒకరు సందులోంచి దూసుకుపో అంటారు, ఇంకొకరు ఎదుటివాణ్ణి పట్టుకుని నిలబడు, రెండు సందులూ నువ్వే కాపలా కాయి అంటారు. దూసుకుపోయేవాడికి మొదటి అడుగు ముఖ్యం, నిలబడేవాడికి నడుము, చేతులు ముఖ్యం. ఏడాదికొక గురువు మారితే ఇరవై రెండేళ్ల కుర్రాడు ఏది నేర్చుకోవాలి? ఆ పిల్లవాడు చెడ్డ ఆటగాడని నేను అనను. మా దగ్గర కూడా లెఫ్ట్ కార్నర్‌లో పులిలా ఆడే పిల్లాణ్ణి ఎవరో వచ్చి కవర్‌లో నిలబెడితే నెల తిరిగేసరికి వాడికి పట్టు మీదే నమ్మకం పోతుంది. కళ్లారా చూశాను, మనసు చివుక్కుమంటుంది.

ఇక యార్డు మనిషి గారు సైన్యం గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. సెప్టెంబర్ 4న మొదటి మ్యాచ్‌లో, మనకి శుక్రవారం తెల్లవారుజాము అనుకోండి, ఫిలడెల్ఫియాలో మొదటి కిక్‌ఆఫ్ తప్ప ఒక్క ప్లే కూడా జరగకముందే జేలెన్ కార్టర్ డాక్ మీద ఉమ్మినందుకు బయటికి పంపేశారు. వాళ్ల లైన్‌లో అందరికంటే గట్టివాడు. వాడు లేకుండా మొత్తం మ్యాచ్ ఆడి మనల్ని 24-20తో ఓడించారు. మన దగ్గర అలాంటివాడు ఒకడు లేకపోతే ఏమైందో సీజనంతా చూశాం.

ఫ్రిస్కో గుంటూరోడు (టెక్సస్):

అందరికీ నమస్తే. పుట్టింది అరండల్‌పేటలో, తొమ్మిదేళ్లుగా ఫ్రిస్కోలో ఉంటున్నా, కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే చోటు, 'ది స్టార్', మా ఇంటికి పది నిమిషాలు. నేను మీ అన్నయ్య పార్టీ తమ్ముడూ, కార్నర్‌బ్యాక్ కావాలి.

సెప్టెంబర్‌లో జెయింట్స్ మ్యాచ్‌కి ఆర్లింగ్టన్ వెళ్లా, మా పాపకి మొదటి మ్యాచ్. 40-37తో ఓవర్‌టైమ్‌లో గెలిచాం, ఆబ్రీ 64 గజాల కిక్ కొట్టకపోతే ఓవర్‌టైమ్ కూడా లేదు. కానీ స్టాండ్స్‌లో కూర్చుని చూస్తే టీవీలో కనపడనిది కనపడుతుంది. జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ ఆ రోజు 450 గజాలు వేశాడు. మన లైన్‌వాళ్లు దగ్గరికి వెళ్లిన ప్లేలు కూడా ఉన్నాయి, కానీ బంతి అప్పటికే గాల్లో ఉంది, ఎందుకంటే రిసీవర్ చుట్టూ మనవాడు ఎవరూ లేరు. క్వార్టర్‌బ్యాక్ రెండు సెకన్లలో బంతి వేసేస్తే ఎంత గొప్ప ఎడ్జ్ రషర్ అయినా ఏం చేస్తాడు? వెనకవాళ్లు మొదటి చూపుకి దారి మూసేస్తేనే ముందువాళ్లకి ఆ మూడో సెకను దొరుకుతుంది. ఈగిల్స్ సూపర్ బౌల్ గురించి రాశారు కదా, అదే 2024 డ్రాఫ్ట్‌లో వాళ్లు మొదటి రెండు పిక్‌లూ క్వినియన్ మిచెల్, కూపర్ డిజీన్, ఇద్దరు డిఫెన్సివ్ బ్యాక్‌ల మీద పెట్టారు. ఆ మ్యాచ్‌లో డిజీన్ మహోమ్స్ బంతి పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు కూడా. ఆ సంగతి యార్డు అన్న రాయలేదు.

ఇప్పుడు మన దగ్గర? కార్నర్లలో డిగ్స్‌ని డిసెంబర్ చివర్లో వదిలేశారు. బ్లాండ్ మళ్లీ మళ్లీ గాయాలు. రెవెల్ మోకాలి ఆపరేషన్ నుంచి వచ్చిన రెండో ఏడాది కుర్రాడు అవుతాడు. ముందు వరసలో క్వినెన్, క్లార్క్ ఉన్నారు, 2025లో రెండో రౌండ్‌లో తెచ్చుకున్న ఎజీరుయాకు ఉన్నాడు. 12తో ఎడ్జ్ తీసుకోండి, ఒప్పుకుంటా. 20 మాత్రం కార్నర్‌కే, కిందకి దిగడం కూడా వద్దు, నిఖార్సైన కార్నర్లు ఆ లోపే అయిపోతారు.

పార్సన్స్ గురించి ఒక్క మాట. ఇక్కడ ఆ వార్త వచ్చిన రోజు ఆఫీసులో ఎవరికీ పని మీద మనసు లేదు. తర్వాత డిసెంబర్‌లో డెన్వర్‌లో అతని మోకాలు పోయింది, దానికి సంతోషించేవాళ్లని చూసి బాధేసింది. నాలుగేళ్లకి 188 మిలియన్ల కాంట్రాక్టు ఇచ్చారు అక్కడ. ఒక్కడి మీద అంత పెట్టగలమా లేదా అనే లెక్క ఉంటుంది, కాదనను. అందుకే డ్రాఫ్ట్ ఇంత ముఖ్యం, డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడి జీతం పిక్ నంబర్‌ని బట్టి నాలుగేళ్లకి ఖాయమైపోతుంది, ఫస్ట్ రౌండ్ అయితే టీమ్ కావాలనుకుంటే ఐదో ఏడు కూడా ఉంచుకోవచ్చు.

పటమట కౌబాయ్ (విజయవాడ):

ఫ్రిస్కో అన్నా, మీ పోస్టు మా అన్నయ్యకి పంపా, ఇప్పటికి నాలుగు సార్లు ఫోన్ చేశాడు. రెండు సెకన్లలో వేసేస్తే ఏం చేస్తాడు అన్నారు కదా, ఒప్పుకుంటా, కానీ మూడో డౌన్‌లో (పది గజాలకి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఇంకా 8 గజాలు కావాలంటే ఎవడూ రెండు సెకన్లలో వేయలేడు. మనం చచ్చింది ఆ మూడో డౌన్‌లలోనే. క్వార్టర్‌బ్యాక్ నిలబడి, అటు చూసి, ఇటు చూసి వేశాడు. ఐదు సెకన్లు ఇస్తే ఏ కార్నర్ అయినా ఎంతసేపు వెంట పరిగెడతాడు?

మాస్టారూ, మీరు చెప్పిన కార్నర్, కవర్ పోలిక చదివాక డెట్రాయిట్ మ్యాచ్ మళ్లీ వేసి చూశా. మీరన్నట్టే ఉంది. అన్ని ప్లేలూ కాదు, కానీ క్వినెన్ లోపల నెట్టిన చాలా ప్లేల్లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ గాఫ్ పక్కకి జరిగి వేశాడు.

బెంజ్ సర్కిల్ 94 (విజయవాడ):

నేను ఫిజియోథెరపీ చదువుతున్నా, వేర్ జెర్సీ నంబరే నా పేరులో పెట్టుకున్నా, కాబట్టి ఎటువైపో మీకు అర్థమై ఉంటుంది. మాస్టారు గారి మాట మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెప్తాను. సిస్టమ్‌కి సరిపోయేవాణ్ణే తీసుకోవాలి అనే మాట మనల్ని ఒకసారి దారుణంగా దెబ్బతీసింది.

2017. మనకి 28వ పిక్. మనం టాకో చార్ల్టన్‌ని తీసుకున్నాం, ఆరడుగుల ఆరంగుళాల మనిషి, అప్పటి మన 4-3 డిఫెన్స్‌లో (ముందు నలుగురు లైన్‌వాళ్లు, వాళ్ల వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు) ఎండ్‌గా, అంటే లైన్ అంచున నిలబెట్టడానికి చూడగానే సరిపోయే ఒడ్డూ పొడుగూ. రెండు పిక్‌ల తర్వాత 30లో స్టీలర్స్ టీజే వాట్‌ని తీసుకున్నారు. వాట్ విస్కాన్సిన్‌లో 3-4లో అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్, అంతకుముందు టైట్ ఎండ్, మోకాళ్లకి ఆపరేషన్లు అయ్యాయి, పూర్తిగా ఆడింది ఒక్క సీజన్. కాగితం మీద చూస్తే మన సిస్టమ్‌కి చార్ల్టనే నప్పుతాడు. ఏమైంది? చార్ల్టన్‌ని మూడో సీజన్ మొదట్లోనే వదిలేశాం. వాట్ 2021లో 22.5 సాక్స్ చేసి ఒకే సీజన్ సాక్స్‌లో స్ట్రేహన్ రికార్డుతో సమానం అయ్యాడు. మొన్న జనవరి 4న ఆ రికార్డు దాటి 23కి వెళ్లిన మైల్స్ గ్యారెట్ కూడా అదే 2017 డ్రాఫ్ట్, వాడు మన స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్ కుర్రాడే. గ్యారెట్ మొదటి పిక్ కాబట్టి మనకి దొరికేవాడు కాదు, వాట్ మాత్రం కళ్ల ముందే ఉన్నాడు.

నా చదువు వైపు నుంచి చూస్తే, లైన్‌వాళ్లలో ఎత్తు కంటే వంగే గుణం చూడాలి. ఎడ్జ్ రషర్ టాకిల్ (అవతలి లైన్‌లో చివర కాపలా ఉండేవాడు) పక్కనుంచి మూల తిరిగేటప్పుడు శరీరం మొత్తం లోపలికి ఒరిగి ఉంటుంది, చీలమండ బాగా మడత పడుతూనే బరువు మోయాలి, తుంటి తిరగాలి. అది లేకపోతే ఎంత వేగం ఉన్నా తిన్నగా వెళ్లి క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి దాటిపోతాడు. చేతుల పొడవు కూడా ముఖ్యమే, ముందు ఎవరి చెయ్యి ఎదుటివాడి ఛాతీకి తగిలితే వాడిదే పైచేయి. కానీ అది ఒక్కటే చూసి కొట్టేయకూడదు, హచిన్సన్ చేతులు పొట్టి అన్నారు, 2022లో రెండో పిక్‌గా వెళ్లి డెట్రాయిట్‌లో ఎలా ఆడుతున్నాడో మనకి తెలిసిందే. మ్యాక్స్ క్రాస్బీ 2019లో నాలుగో రౌండ్, 106వ పిక్, పెద్ద పేరున్న కాలేజీ కూడా కాదు. మొదట్లో సన్నగా ఉన్నాడు, బరువు తర్వాత పెరిగింది. కండ జిమ్‌లో పెట్టొచ్చు, ఆ వంగే గుణం ఇరవై రెండేళ్లకి కొత్తగా పెట్టడం చాలా కష్టం.

కాబట్టి 12లో ఎవరికి ఆ గుణం ఉందో వాణ్ణి తీసుకుని, సిస్టమ్‌ని వాడి చుట్టూ కట్టమంటాను. యార్డు అంకుల్ చెప్పిన 20 అమ్మకానికి కూడా నేను ఒప్పుకుంటా, నాలుగో రౌండ్ దాకా ఖాళీగా ఉండకూడదు.

కబడ్డీ మాస్టారు (తెనాలి):

అమ్మా, బాగా చెప్పావు, వాట్ సంగతి ఇంత వివరంగా నాకు తెలియదు. నా మాట కొంచెం సరిచేసుకుంటాను. నేను సరిపోవడం అన్నది 4-3, 3-4 అనే పేరు గురించి కాదు. ఆ పిల్లవాడు ఏ పని బాగా చేస్తాడో కోచ్‌కి తెలిసుండాలి, ఆ పనే చేయించాలి. వాట్‌ని తీసుకుని ఎదుటివాణ్ణి పట్టుకుని నిలబడమంటే వాట్ కూడా పాడైపోయేవాడేమో. 2005లో పార్సెల్స్ 3-4కి మారుతూ వేర్‌ని తెచ్చింది కాలేజీలో ఎండ్‌గా ఆడినవాణ్ణి, నిలబెట్టి లైన్‌బ్యాకర్‌గా దూకించాడు. ఆయనకి వాడు దూకుతాడని తెలుసు, అంతే. కాబట్టి కొత్త కోఆర్డినేటర్ వచ్చాక ఆయన్ని డ్రాఫ్ట్ గదిలో కూర్చోబెట్టి, ఈ కుర్రాడితో మొదటి వారం ఏం చేయిస్తావు అని అడగాలి. జవాబు చెప్పలేకపోతే ఆ పేరు బోర్డు మీద నుంచి తీసేయాలి.

యార్డు మనిషి (గుంటూరు):

ఫ్రిస్కో బాబూ, మిచెల్, డిజీన్ సంగతి నిజమే, నేను రాయకపోవడం తప్పే. కానీ వాళ్లని ఎప్పుడు తెచ్చారో కూడా చూడు. కార్టర్, డేవిస్, స్వెట్, విలియమ్స్ అప్పటికే ఇంట్లో ఉన్నారు. లైన్ ముందు కట్టుకుని, తర్వాత వెనక వరసకి వెళ్లారు. గోడ లేచాకే కదా పైకప్పు. మనం మొన్న పార్సన్స్‌ని ఇచ్చేసి గోడలో ఒక పక్క మనమే పడగొట్టుకున్నాం.

అయినా నీ భయం నాకూ ఉంది. 28కి దిగితే అప్పటికి మంచి కార్నర్ మిగిలి ఉంటే తీసుకుందాం, నాకు అభ్యంతరం లేదు. వచ్చిన మూడో రౌండ్ పిక్ మాత్రం లైన్‌కే. ఒక్కడు కాదు, నాలుగో రౌండ్‌లో ఇంకొకడు కూడా. 2021లో ఇలాగే చేశారు, 10 నుంచి 12కి దిగి పార్సన్స్‌ని తీసుకున్నారు, దిగినందుకు ఈగిల్స్ దగ్గర నుంచి 84వ పిక్ వచ్చింది, దాంతో గోల్‌స్టన్‌ని తెచ్చారు, 75లో ఒసా ఒడిగిజువాని తెచ్చారు. ఒకే డ్రాఫ్ట్‌లో ముగ్గురు. మనవాళ్లకి చేయడం తెలుసు, ప్రతి ఏడాదీ చేయాలి, అదే కావాల్సింది.

పటమట కౌబాయ్ (విజయవాడ):

అందరికీ చాలా థ్యాంక్స్. ఈ మూడు రోజుల్లో నా ఆలోచన మారింది. పోస్టు పెట్టినప్పుడు 12, 20 రెండూ లైన్‌కే అన్నాను. ఇప్పుడు 12తో ఎడ్జ్, 94 గారు చెప్పినట్టు వంగే గుణం ఉన్నవాడు. 20తో కిందకి దిగి మూడో రౌండ్ పిక్ తెచ్చుకుని దాంతో ఇంకో లైన్‌వాడు. దిగిన చోట కార్నర్ ఉంటే కార్నర్. ఇదే అన్నయ్యకి చెప్తే, సగం నా మాటే కదా అని ఒప్పుకున్నాడు, 20 దగ్గర మాత్రం ఇంకా పట్టు వదల్లేదు, దిగొద్దు అంటున్నాడు.

మొదటి రౌండ్ మనకి ఏప్రిల్ 24 శుక్రవారం పొద్దున 5:30కి మొదలవుతుంది. 12వ పిక్ వచ్చేసరికి ఏడు దాటుతుందేమో. మాస్టారూ, తెనాలి నుంచి పొద్దున్నే రావడం కష్టమని తెలుసు, ముందురోజు రాత్రికే పటమట వచ్చేయండి, మా ఇంట్లోనే పడుకోవచ్చు. యార్డు అన్నా, మీరు కూడా. 94 గారూ, మీరు పొద్దున్నే వచ్చినా చాలు, బెంజ్ సర్కిల్ నుంచి ఐదు నిమిషాలే. కంబైన్ అయ్యాక ఇక్కడే మళ్లీ పోస్టు పెడతా, అప్పటికి కొత్త కోఆర్డినేటర్ కూడా తేలిపోతాడు, ఒక్కొక్క ఎడ్జ్ కుర్రాడి టేపూ చూసి, మూల తిరిగేటప్పుడు ఎవరు ఒరుగుతున్నారో, ఎవరు దాటిపోతున్నారో రాద్దాం.